మా వైపు నిలబడ్డ మనిషి ఓడిన ఏడాది

2018 నవంబరు 6 రాత్రి కెవిన్ యోడర్ ఓడిపోయాడు. కాన్సస్ మూడో నియోజకవర్గం నుంచి వరసగా నాలుగు సార్లు అమెరికా కాంగ్రెస్‌కి గెలిచిన రిపబ్లికన్ ఆయన. ఊళ్ళో ఉన్న మనవాళ్ళకి ఆ పేరు తెలియకపోవచ్చు. కాన్సస్ సిటీ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో మాత్రం ఆ ఏడాదంతా ఆ పేరు నలిగింది. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అయితే డల్లాస్ నుంచి న్యూజెర్సీ దాకా అందరి నోటా అదే పేరు.

ఆయన ఎందుకు ఓడిపోయాడో నేను దగ్గరనుంచి చూశాను. ఇన్నేళ్ళయినా ఆ ఎన్నిక నా మనసులోంచి పోలేదు, అందుకే రాస్తున్నాను.

అప్పట్లో మేము ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉండేవాళ్ళం. కాన్సస్ సిటీ అనే పేరు రెండు రాష్ట్రాల్లో ఉంది. పెద్ద ఊరు మిస్సోరీలో ఉంటుంది. స్టేట్ లైన్ రోడ్డు దాటితే కాన్సస్ రాష్ట్రం, జాన్సన్ కౌంటీ. ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేథా, లెనెక్సా, షానీ, లీవుడ్ అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే శివారు ఊళ్ళే. మనవాళ్ళు అక్కడికి రెండు కారణాలతో వచ్చేవాళ్ళు. ఒకటి ఉద్యోగం: స్ప్రింట్ క్యాంపస్ ఉండేది, ఒలేథాలో గార్మిన్ ఉంది, వాటి చుట్టూ కాంట్రాక్టు పనులు ఉండేవి. రెండోది బడులు. బ్లూ వ్యాలీ, ఒలేథా స్కూల్ డిస్ట్రిక్టుల పేరు చెప్పి అద్దె ఇళ్ళు వెతుక్కునేవాళ్ళం. షానీలో గుడి ఉంది. సంక్రాంతికీ ఉగాదికీ ఏదో ఒక స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకునేవాళ్ళం. పిల్లల డాన్సులు, పులిహోర, గోంగూర, ఆలస్యంగా మొదలయ్యే సభ. ప్రశాంతమైన చోటు. ఇక్కడే స్థిరపడిపోదాం అనిపించే చోటు.

2017 ఫిబ్రవరి 22 సాయంత్రం ఒలేథాలో ఒక బార్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు. హైదరాబాద్ అబ్బాయి, గార్మిన్‌లో ఇంజనీరు, వయసు 32. పక్కనే ఉన్న స్నేహితుడు అలోక్ మాదసాని గాయపడ్డాడు. అడ్డుపడబోయిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్లబ్బాయికి కూడా తూటా దిగింది. కాల్చినవాడు మా దేశం నుంచి పొండి అని అరిచాడు. ఆ వార్త విన్న రాత్రి మా అపార్ట్‌మెంట్లలో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. మర్నాడు మా ఆయన ఆఫీసుకి వెళ్తుంటే సాయంత్రం పెందలాడే వచ్చెయ్యమని చెప్పాను, ఆయన సరేనన్నాడు. అంతకుమించి ఆ ఉదయం మేమేమీ మాట్లాడుకోలేదు. శ్రీనివాస్‌తో నాకు పరిచయం లేదు. కానీ మా సర్కిల్‌లో ఆ కుటుంబం తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆ తర్వాత జరిగింది బయటివాళ్ళకి అంతగా తెలియదు. ఆయన భార్య సునయన దుమాల వీసా హోదా భర్త వీసా మీద ఆధారపడి ఉంది. భర్త పోవడంతో అదీ పోయింది. అంత్యక్రియలకి హైదరాబాద్ వెళ్తే తిరిగి రావడం అనుమానమే. అప్పుడు ఆమె కోసం నిలబడింది యోడర్, ఆయన ఆఫీసు. ఆమె తిరిగి రావడానికి, ఉద్యోగం చేసుకోవడానికి తాత్కాలిక అనుమతి దొరికేలా సాయం చేశారు. 2018 జనవరి 30న ప్రెసిడెంటు ఉభయ సభల ముందు ప్రసంగిస్తుంటే యోడర్ తన అతిథిగా సునయనని తీసుకెళ్ళాడు. ఆమెని టీవీలో చూసి మా ఇంట్లో ఏడ్చాం. తన పార్టీ ప్రెసిడెంటు వలసల మీద నిప్పులు చెరుగుతున్న రోజుల్లో ఆయన చేసిన పని అది. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు, ఇప్పటికీ కాదు.

ఇంకొకటి హెచ్.ఆర్. 392 బిల్లు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదనే పరిమితి ఉంది. ఇండియా నుంచి వచ్చిన వాళ్ళ లైను అంత పొడుగు కావడానికి కారణం అదే. ఆ పరిమితిని తీసేసే బిల్లు కాంగ్రెస్‌లో ఎప్పటినుంచో తిరుగుతోంది. దాన్ని పట్టుకున్న యూటా సభ్యుడు 2017లో రాజీనామా చేస్తే యోడర్ నెత్తికెత్తుకున్నాడు. మూడు వందల మందికి పైగా సభ్యులు మద్దతు సంతకం పెట్టారు. 2018లో యోడర్ హోంలాండ్ సెక్యూరిటీ నిధుల ఉపసంఘానికి ఛైర్మన్ అయ్యాడు. జులై 25న ఆ శాఖ నిధుల బిల్లులోకి దీన్ని సవరణగా చేర్పించాడు. ఆ రోజు మా గ్రూపులో వచ్చిన మెసేజ్‌లు చదివి పూర్తిచేయలేకపోయాను. పెళ్ళి కుదిరినంత సంబరం. మా ప్రయారిటీ డేట్, అంటే ఆ లైనులో మేము చేరిన తేదీ, 2013. ప్రతి నెలా వీసా బులెటిన్ తెరిచి, తేదీ కదిలిందో లేదో చూసుకుని, మూసేసే బతుకు మాది.

అదే రోజు ట్రంప్ యోడర్‌ని సమర్థిస్తూ ట్వీట్ చేశాడు, అది కూడా సరిహద్దు గోడకి అయిదు బిలియన్ డాలర్లు సంపాదించి పెట్టినందుకు. నిధుల బిల్లు ఒక్కటే. అందులో మాకు కావాల్సిందీ ఉంది, గోడా ఉంది. అప్పుడు మాకు గోడ కనిపించలేదు, మా పక్కింటి వాళ్ళకి కనిపించింది.

ఆగస్టులో నాన్న తెనాలి నుంచి వచ్చారు. రిటైర్డ్ టీచర్. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఎన్నికలకీ ప్రిసైడింగ్ ఆఫీసరుగా డ్యూటీ పడేది. రేపల్లె వైపు, బాపట్ల వైపు పల్లెల్లో బడి గదుల్లో పడుకుని, పొద్దున్నే ఏజెంట్లకి పెట్టెలు చూపించి, రాత్రి సీళ్ళు వేసుకుని తిరిగొచ్చేవారు. ఎన్నిక ఎక్కడ జరిగినా ఆయనకి ఆసక్తే. వచ్చిన వారానికే ఇక్కడి రాజకీయం మొత్తం నన్నడిగి తెలుసుకున్నారు. యోడర్ సంగతి చెప్పగానే, "అయితే ఆయనకేం ఢోకా లేదుగా?" అన్నారు. ఉంది నాన్నా, గట్టి పోటీ ఉంది అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

రోజూ సాయంత్రం నడకకి వెళ్ళేవాళ్ళం. ఎన్నికల కాలంలో ఇక్కడ ఇంటి ముందు గడ్డిలో అభ్యర్థి పేరున్న చిన్న బోర్డు గుచ్చుతారు. గోడ రాతలుండవు, జెండాలుండవు, మైకులుండవు, ఆ బోర్డులే. నాన్న జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని వీధి వీధికీ లెక్క రాసుకునేవారు. సెప్టెంబరు సగానికి వచ్చేసరికి యోడర్ మీద పోటీ చేస్తున్న డెమోక్రాట్ షరీస్ డేవిడ్స్ బోర్డులు ఎక్కువయ్యాయి. "ఇది రిపబ్లికన్ల పేట అన్నావు కదమ్మా?" అని అడిగారు. అవును నాన్నా, ఇప్పటికీ పార్టీ రిజిస్ట్రేషన్ చూస్తే వాళ్ళే ఎక్కువ అన్నాను. "మరి మనకింత చేసిన వాణ్ణి వీళ్ళు ఎందుకు దించుతున్నారు?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పింది మా పక్కింటావిడ. ఆవిడ కూడా రిటైర్డ్ టీచరే, షానీ మిషన్ బడుల్లో పనిచేసింది. జీవితమంతా రిపబ్లికన్. నాన్నకి ఆవిడతో బాగా కలిసింది. ఆయన ఇంగ్లీషు పాతకాలపు బడి ఇంగ్లీషు, నిదానంగా మాట్లాడేవారు. ఆవిడ కూడా అంతే నిదానంగా వినేది. మా వెనక డెక్ మీద కూర్చుని, నేను పెట్టిన టీ తాగుతూ, ఆవిడ చెప్పిన మాటలు దాదాపు అన్నీ నాకు గుర్తున్నాయి.

ఆవిడ కథ వాషింగ్టన్‌లో కాదు, టొపీకాలో మొదలైంది. టొపీకా కాన్సస్ రాజధాని. గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ 2012లో ఆదాయప్పన్ను బాగా తగ్గించాడు. చాలా రకాల వ్యాపార ఆదాయం మీదైతే రాష్ట్ర పన్ను పూర్తిగా తీసేశాడు. ఆర్థికవ్యవస్థ పరిగెడుతుందన్నాడు. ఖజానా ఖాళీ అయింది. 2015లో సేల్స్ టాక్స్ ఆరున్నర శాతానికి పెంచారు. కాన్సస్‌లో అప్పట్లో బియ్యం, పాలు, కూరగాయల మీద కూడా ఆ టాక్స్ పూర్తిగా పడేది, ఆ దెబ్బ నాకూ తెలుసు. బడులకి ఇస్తున్న డబ్బు చాలదని రాష్ట్ర సుప్రీంకోర్టు పదే పదే తీర్పులిచ్చింది. జాన్సన్ కౌంటీలో జనం ఇళ్ళు కొనేదే బడుల్ని చూసి. ఆ బడుల జోలికొస్తే పార్టీ గీర్టీ ఏమీ ఉండదు. 2016 ప్రైమరీల్లోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికల్లోనే, ఇక్కడి రిపబ్లికన్ ఓటర్లు తమ పార్టీలోని మధ్యస్థుల్ని నిలబెట్టి, బ్రౌన్‌బ్యాక్ వెనక నడిచిన ఎమ్మెల్యేల్ని కొందరిని ఇంటికి పంపారు. 2017 జూన్‌లో రిపబ్లికన్ శాసనసభే గవర్నర్ వీటోని కాదని ఆ పన్ను తగ్గింపుల్ని చాలావరకు రద్దు చేసింది.

"యోడర్ టొపీకాలో లేడు కదా?" అని నాన్న అడిగారు. ఆయన 2011 నుంచి వాషింగ్టన్‌లోనే ఉన్నాడు, ఆ పాపం ఆయనది కాదు. ఆవిడ ఒప్పుకుంది. కానీ 2017 డిసెంబరులో వాషింగ్టన్ పన్ను తగ్గింపు బిల్లు పెడితే యోడర్ దానికి ఓటేశాడు. మేము ఇక్కడ ఐదేళ్ళు అనుభవించిన దాన్నే ఆయన దేశానికంతటికీ చేస్తున్నాడనిపించింది అంది.

అంతకన్నా ముందు ఇంకోటి ఉంది. 2017 మే 4న ఒబామా ఆరోగ్య చట్టాన్ని తీసేసే బిల్లు హౌస్‌లో, అంటే కాంగ్రెస్ దిగువసభలో, 217-213తో గట్టెక్కింది. నాలుగంటే నాలుగు ఓట్ల తేడా. అందులో యోడర్ ఓటుంది. ఆవిడ మనవడికి చిన్నప్పటినుంచి షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నాడు. ముందునుంచి జబ్బున్న వాళ్ళకి ఇన్సూరెన్సు కంపెనీలు ఎక్కువ ప్రీమియం వసూలు చేసుకునే వెసులుబాటు ఆ బిల్లులో రాష్ట్రాలకి ఇచ్చారు. ఆవిడ యోడర్ ఆఫీసుకి ఫోన్ చేసిందట. ఆయన జనం మధ్యకొచ్చి సభ పెడితే అడుగుదామనుకుందట. ముఖాముఖి సభల బదులు ఫోన్లో సభలు పెడుతున్నాడని ఆ ఏడాది ఊరంతా ఫిర్యాదే. "నాలుగు సార్లూ ఆయనకే వేశాను, ఒక్కసారి ఎదురుగా నిలబడి అడిగే అవకాశం ఇవ్వలేదు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడలో కోపం కన్నా బాధే ఎక్కువ కనిపించింది.

నాన్న కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత మా బిల్లు సంగతి, సునయన సంగతి ఆవిడకి చెప్పారు. ఆవిడకి సునయన సంగతి తెలుసు, అప్పటి శాంతి యాత్రకి కూడా వెళ్ళిందట. "అది మంచి పని, ఆ పనికి ఆయన్ని గౌరవిస్తాను" అంది. బిల్లు గురించి మాత్రం మా నోటి నుంచే మొదటిసారి విన్నది. మాకు ప్రాణంతో సమానమైన బిల్లు పేరు పక్కింటి మనిషికి తెలియదు. నేను చాలాసేపు ఆ సంగతే ఆలోచిస్తూ ఉండిపోయాను.

అందులో వింతేముంది? ఆ బిల్లు వల్ల బాగుపడే వాళ్ళెవరికీ ఓటు లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు ప్రచారానికి ఒక్క డాలరు విరాళం ఇవ్వడానికి కూడా చట్టం ఒప్పుకోదు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా పని చేయొచ్చు, అంతే. మా స్నేహితులు కొందరు శనివారాలు వెళ్ళి తలుపులు తట్టారు, ఫోన్లు చేశారు. పౌరసత్వం ఉన్న తెలుగువాళ్ళు ఉన్నారు కానీ వాళ్ళు చాలాకాలం క్రితం వచ్చినవాళ్ళు, లైను బాధ మర్చిపోయినవాళ్ళు. మా వదినావాళ్ళింట్లో అన్నయ్య ఓటు యోడర్‌కి, వదిన ఓటు డేవిడ్స్‌కి. వదిన కారణం తుపాకులు. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడా బడిలో జరిగిన కాల్పుల తర్వాత పిల్లల స్కూల్లో డ్రిల్లు చూసొచ్చి, తుపాకుల చట్టానికి అడ్డుపడే వాళ్ళెవరికీ ఓటెయ్యనంది. ఒలేథాలో మన అబ్బాయి పోయింది కూడా తుపాకీకే కదా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అవతల షరీస్ డేవిడ్స్. హో-చంక్ అనే ఆదివాసీ తెగకి చెందిన మనిషి, లాయరు, వైట్‌హౌస్ ఫెలోగా పనిచేసింది, అంతకుముందు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో దిగింది. సైన్యంలో పనిచేసిన తల్లి ఒంటరిగా పెంచింది. స్వలింగ సంపర్కురాలినని దాచుకోకుండా చెప్పిన అభ్యర్థి. ఆగస్టు 7న డెమోక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు నిలబడ్డారు. వామపక్ష సెనేటరు బెర్నీ శాండర్స్ స్వయంగా వచ్చి ప్రచారం చేసిన బ్రెంట్ వెల్డర్‌ని ఆమె దాదాపు మూడు శాతం తేడాతో దాటింది. ఆ రాత్రి జాన్సన్ కౌంటీ కొత్త ఓటింగ్ మిషన్ల దగ్గర లెక్కలు ఎక్కించడం ఆలస్యమై, ఫలితం తెల్లారాక గానీ తేలలేదు. వెల్డర్ గెలిచుంటే యోడర్ పని కాస్త తేలికయ్యేదని చాలామంది అన్నారు, నేనూ అదే అనుకుంటాను. శివారు రిపబ్లికన్‌కి శాండర్స్ పేరు చెబితే భయం. డేవిడ్స్ మాట నెమ్మది, ఎవరినీ బెదరగొట్టలేదు.

బెదరగొట్టడానికి యోడర్ వైపు వాళ్ళు ప్రయత్నించారు. ఇమ్మిగ్రేషన్ పోలీసు సంస్థ ఐస్‌ని రద్దు చేయాలన్నట్టు ఆమె జులైలో ఒక పాడ్‌కాస్ట్‌లో మాట్లాడింది. ఆ ముక్కనే టీవీలో తిప్పి తిప్పి వేశారు. మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు చీఫ్స్ ఆట పెట్టుకుంటే మధ్యలో అదే. ఆ ఏడాది ఆ జట్టులో పాట్రిక్ మహోమ్స్ మొదటిసారి పూర్తి సీజన్ ఆడుతున్నాడు, ఊరంతా టీవీ ముందే ఉండేది. అంతటితో ఆగలేదు. అక్టోబరులో స్థానిక పార్టీ కమిటీ మనిషి ఒకడు, ఆమెని తిరిగి రిజర్వేషన్‌కి, అంటే ఆదివాసీలకి కేటాయించిన ప్రాంతానికి, పంపిస్తామని ఫేస్‌బుక్‌లో నీచమైన మెసేజ్ పెట్టాడు. యోడర్ ప్రచారం దాన్ని ఖండించింది, ఆ మనిషి పదవి వదులుకున్నాడు. కానీ అది చదివిన రోజు నాకు ఒలేథా గుర్తొచ్చింది. నీ చోటికి నువ్వు పో అనే మాటే కదా అది. ఈ నేల అసలు యజమానుల బిడ్డని పట్టుకుని ఆ మాట అన్నారు.

యోడర్ పరిస్థితి చూస్తే జాలి వేసేది. మా బిల్లు చేర్పించినందుకు, ఆశ్రయం అడిగేవాళ్ళకి అనుకూలమైన డెమోక్రాట్ల సవరణ ఒకదాన్ని ఒప్పుకున్నందుకు, వలసల్ని వ్యతిరేకించే వాళ్ళు ఆయన మీద విరుచుకుపడ్డారు. గోడ డబ్బు తెచ్చినందుకు, ట్రంప్ మెచ్చుకున్నందుకు మధ్యస్థులు దూరమయ్యారు. రెండు వైపులా చేసిన మంచి ఎవరి ఖాతాలోనూ పడలేదు. నిజానికి ఆయన ఖాళీగా కూర్చున్న మనిషి కాదు. పాత ఈమెయిళ్ళు చదవాలంటే పోలీసులు వారెంటు తెచ్చుకోవాలనే బిల్లు ఆయనదే, 2016లో హౌస్‌లో 419-0తో నెగ్గింది. వైద్య పరిశోధన నిధుల కోసం గట్టిగా నిలబడేవాడు.

పైనుంచి క్రిస్ కోబాక్ బరువొకటి. గవర్నర్ అభ్యర్థిగా రిపబ్లికన్ ప్రైమరీలో 343 ఓట్ల తేడాతో గెలిచాడు. వలస వచ్చినవాళ్ళ మీద కఠిన చట్టాలు రాయడమే వృత్తిగా పేరు తెచ్చుకున్న మనిషి. జాన్సన్ కౌంటీ మధ్యస్థ రిపబ్లికన్లకి ఆయన పొడ గిట్టదు. ఆయనకి వ్యతిరేకంగా ఓటెయ్యడానికి బయల్దేరిన వాళ్ళు, అదే బ్యాలట్‌లో కింద ఉన్న యోడర్ పేరు దగ్గర ఆగి మంచీ చెడూ బేరీజు వేస్తారా? సెప్టెంబరు ఆఖరులో జాతీయ పార్టీ ఎన్నికల కమిటీ యోడర్ కోసం పెట్టుకున్న దాదాపు 12 లక్షల డాలర్ల టీవీ ప్రకటనల్ని రద్దు చేసుకుంది. ఆ వార్త చదివి వినిపిస్తే నాన్న, "సొంత పార్టీ చేతులెత్తేసింది. ఇంక అయిపోయిందమ్మా" అన్నారు.

పోలింగ్ రోజు పక్కింటావిడ నాన్నని తనతో రమ్మంది. చర్చిలో బూత్. 250 అడుగుల లోపల ప్రచారం నిషేధం అని తెలిసి నాన్న, మన దగ్గర వంద మీటర్లు అన్నారు. లోపలికి ఎలాగూ వెళ్ళలేరు కాబట్టి పార్కింగ్‌లో కార్లోనే కూర్చుని వచ్చేపోయే వాళ్ళని చూశారట. ఉదయం పూటే లైను బయటి దాకా ఉందని, కుర్రాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా వచ్చారని, ప్రెసిడెంటు ఎన్నిక లేని ఏడాది వచ్చే ఈ మధ్యంతర ఎన్నికలకి జనం రారన్నావు కదా అని ఇంటికొచ్చి నన్ను నిలదీశారు.

రాత్రి ఏడుకి పోలింగ్ ముగిసింది. ఈసారి లెక్కలు ఆలస్యం కాలేదు. పిల్లలు పడుకున్న కాసేపటికే తేలిపోయింది. డేవిడ్స్‌కి 53.6 శాతం, యోడర్‌కి 43.9. నియోజకవర్గంలోనే ఉన్న వయండాట్ కౌంటీ ఎప్పుడూ డెమోక్రాట్లదే. ఈసారి జాన్సన్ కౌంటీలో కూడా ఆమెకే మెజారిటీ. డెబ్ హాలండ్‌తో పాటు అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి ఆదివాసీ మహిళల్లో ఒకరు మా నియోజకవర్గం నుంచే. అది కూడా గర్వపడాల్సిన విషయమే, నేనూ గర్వపడ్డాను. అదే సమయంలో నా కళ్ళు చెమ్మగిల్లాయి కూడా. ఆ రెండూ ఒకేసారి ఎలా కుదిరాయో చెప్పలేను.

తర్వాతి వారం నాన్న తన పుస్తకంలో పాత ఫలితాలన్నీ రాయించుకున్నారు. అక్కడ ఒక విషయం ఆయన కంటపడింది, నేను ఎన్ని విశ్లేషణలు చదివినా ఎక్కడా అంత సూటిగా కనిపించలేదు. 2014లో యోడర్‌కి వచ్చినవి 1,34,000 పైచిలుకు ఓట్లు. అప్పుడు ఇరవై శాతం తేడాతో గెలిచాడు. 2018లో వచ్చినవి 1,39,000 పైచిలుకు. పెరిగాయి! అయినా దాదాపు పది శాతం తేడాతో ఓడిపోయాడు, ఎందుకంటే నాలుగేళ్ళ క్రితం 90,000కి కొంచెం తక్కువగా ఉన్న ప్రత్యర్థి ఓట్లు ఈసారి 1,70,000 దాటాయి. పక్కింటావిడలాంటి వాళ్ళు మారారు, నిజమే. కానీ అంతకన్నా, ఇంతకుముందు మధ్యంతర ఎన్నికలకి ఇంట్లో కూర్చునే వాళ్ళు లేచి వచ్చారు. "ఆయన ఓట్లు ఆయన దగ్గరే ఉన్నాయి. రానివాళ్ళు వచ్చారు" అన్నారు నాన్న. ముప్పై ఏళ్ళు పోలింగ్ డ్యూటీ చేసిన మనిషి కన్ను అది.

గుర్తు 2016లోనే కనిపించింది. ఆ ఏడాది యోడర్ పది శాతం పైన తేడాతో గెలిచినా, అదే నియోజకవర్గంలో ప్రెసిడెంటు ఓటు మాత్రం ఒక శాతం తేడాతో హిల్లరీ క్లింటన్‌కి పడింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1998లో ఇదే సీటులో విన్స్ స్నోబార్గర్ అనే రిపబ్లికన్ సభ్యుణ్ణి ఒక్క టర్ముకే దించి డెమోక్రాట్ డెనిస్ మూర్‌ని గెలిపించారు. ఆయన పన్నెండేళ్ళు ఉండి తప్పుకుంటేనే 2010లో యోడర్ వచ్చాడు. పార్టీ మరీ ఒక పక్కకి వెళ్ళిపోతే మనిషిని దించేసే అలవాటు ఈ ఊళ్ళకి ముందునుంచీ ఉంది. ఆ డిసెంబరులో జాన్సన్ కౌంటీకి చెందిన ముగ్గురు మహిళా శాసనసభ్యులు రిపబ్లికన్ పార్టీ వదిలి డెమోక్రాట్లలో చేరారు.

మా సవరణ ఆ నిధుల బిల్లుతో పాటే అటకెక్కింది. 2019 జులైలో అలాంటి బిల్లే హౌస్‌లో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండూ కలవలేదు, చట్టం కాలేదు. ఆ రోజుల్లో పక్కింటావిడ పేపర్ పట్టుకొచ్చి, ఇది మీ బిల్లేనా, ఇది మీకు పనికొస్తుందా అని అడిగింది. డేవిడ్స్ 2020లో, 2022లో, 2024లో మళ్ళీ మళ్ళీ గెలిచింది. మధ్యలో సరిహద్దులు మార్చి వయండాట్ కౌంటీలో కొంత భాగం తీసేసినా గెలిచింది. యోడర్ మళ్ళీ పోటీ చెయ్యలేదు.

మా ఇంట్లో ఈ ఎన్నిక మీద వాదన ఇంకా తెగలేదు. ఓటుంటే నేను యోడర్‌కే వేసేదాన్ని. ఓటు లేనివాళ్ళ కోసం, తనకి ఏ లాభమూ లేదని తెలిసీ ఒక ఎన్నికైన మనిషి పని చెయ్యడం నా జీవితంలో అదొక్కసారే దగ్గరగా చూశాను. మా ఆయన ఒప్పుకోడు. సునయన కోసం చేసింది వేరు, పక్కింటి పిల్లాడి ఇన్సులిన్ వేరు, ఆ ఓటు వేశాక ఆయన గెలవకూడదు అంటాడు. రేపు పౌరసత్వం వస్తే మా ఇద్దరి ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.